రేఖ తోడేసిన పాలు

ఆ ఎండాకాలం మా ఇంట్లో పంతొమ్మిది రోజులు పాలు పేరుకోలేదు. చెబితే నవ్వుతారు. ఇదీ ఒక కథేనా, ప్యాకెట్ పెరుగు తెచ్చుకుంటే పోయేది కదా అంటారు. మొదటి రోజు నేనూ అదే అన్నాను. అన్నందుకు మా అత్తయ్య చంద్రమ్మ నా వైపు చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మాది కొండాపూర్ పాత ఊళ్లో సొంత ఇల్లు. మాది అంటే అత్తవారిది. నా పేరు భాను, గోదావరి పిల్లని. ఉద్యోగానికి వచ్చి, ఆకాష్‌ని పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోయాను. కింద మేం నలుగురం, పైన రెండంతస్తులూ హాస్టల్ పిల్లలకి కిరాయి. వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా అద్దాల టవరు. అందులో పదకొండో అంతస్తులో నా ఆఫీసు. వేరేవాళ్లు రాసిన సాఫ్ట్‌వేరులో తప్పులు వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. ఆ పనిలో నాకు మంచి పేరే ఉంది. మా వంటింట్లో నేను చేస్తున్న తప్పు మాత్రం నా కంటికి ఆనలేదు.

ఆ వంటింట్లో గూటిలో ఒక మట్టి గురిగి ఉండేది. లీటరు పాలు పట్టే చిన్న కుండ, వాడి వాడి నల్లబడింది. పెళ్లయి వచ్చిన మర్నాడే అత్తయ్య చెప్పింది.

"వంటిల్లంత నీదే బిడ్డా. ఏం చేస్కుంటవో చేస్కో. గా గురిగి జోలికి మాత్రం పోకు."

రోజూ పొద్దున్నే తలంటుకున్నట్టు శుచిగా స్నానం చేసి, కాచిన పాలు వేలు పెట్టి చూసి, నిన్నటి పెరుగు ఒక చెంచా వేసి కలిపేది. కలిపాక గురిగి అంచుని చేత్తో ఒకసారి తడిమేది, పడుకున్న పిల్ల నుదురు తడిమినట్టు. ఆ పెరుగు మాకు మూడు పూటలా తప్పదు. ఆకాష్ ఒక్కడే ముట్టడు. "చిన్నప్పట్నుంచి పడదు" అనేవాడు. మామయ్య లింగమూర్తిగారు మజ్జిగ చేసుకుని తాగేవారు. నాకైతే అత్తయ్య దగ్గర కూర్చుని కలిపి పెట్టేది. "ఇంగో ముద్ద, ఇంగొక్క ముద్ద" అంటూ. ఇంతటి అత్తగారు ఎవరికి దొరుకుతుందని మా అమ్మ ఫోన్‌లో మురిసిపోయేది.

పెళ్లయిన ఏడాదికి ఒక సంగతి గమనించాను. ఆదివారం తలకి నూనె రాసేటప్పుడు అత్తయ్య నా మాడు దగ్గరికి వంగి, ఊపిరి లోపలికి పీల్చి, కాసేపు అలాగే ఆగిపోయేది.

"వాసన చూస్తున్నారా అత్తయ్యా?" అన్నాను ఒకసారి.

"పేన్లున్నయేమో చూస్తున్న" అంది.

ఇరవై తొమ్మిదేళ్లదాన్ని, నాకు పేలేమిటి? నవ్వుకుని ఊరుకున్నాను. ఇంకోసారి దుప్పట్లు మారుస్తుంటే ఆమె దిండు కింద నా చున్నీ కనపడింది. ఉతకడానికి వేసి, మాయమైందని నేను వారం రోజులు వెతికిన చున్నీ. మడత పెట్టి ఉంది, ఉతకలేదు. ఎందుకో అడగాలనిపించలేదు. ఎలా ఉన్నదాన్ని అలా పెట్టి దిండు సర్దేశాను.

అసలు గొడవ నా మొహంతో మొదలైంది. అంతకుముందు దసరా నుంచి నా బుగ్గల మీద, గడ్డం మీద మొటిమలు లేచాయి. మామూలువి కావు, చెయ్యి తగిలితే ప్రాణం పోయేంత నొప్పి. సరిగ్గా అప్పుడే నన్ను టీమ్ లీడ్‌ని చేశారు. రోజూ క్లయింట్‌తో వీడియో కాల్, రోజూ తెర మీద నా మొహం నాకే ఇంతింత కనపడేది. ఒక స్కిన్ క్లినిక్‌లో ఆరు వారాలకి క్యాప్సూల్స్ రాశారు. తగ్గాయి. ఆపితే మళ్లీ వచ్చాయి. ఇక క్లినిక్‌కి పోకుండా మెడికల్ షాపులో పాత స్ట్రిప్ చూపించి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. షాపువాడు చీటీ అడగలేదు, నేను చూపించలేదు. అలా ఏడు నెలలు. సాయంత్రం నాలుగయ్యేసరికి కడుపు బిగదీసుకుపోయేది. నాలుగు మెతుకులు తింటే నలభై తిన్నట్టుండేది. తప్పంతా ఫుడ్‌కోర్టు నూనెదే అని తిట్టుకున్నాను.

ఆ ఉగాదికి అత్తయ్యావాళ్లు పెళ్లికని చేవెళ్ల వెళ్లారు. ఆ సాయంత్రం నేను దేవుడి దగ్గర దీపం పెట్టి లేచేసరికి గుమ్మంలో భూలక్ష్మి నిలబడి ఉంది. మా ఇంట్లో గిన్నెలు తోమేది, టవరు పక్కన కడుతున్న ఇంకో టవరు దగ్గర రేకుల షెడ్డులో ఉండేది.

"అక్కా, జర తోడుకు పెరుగు పెట్టవా? మా మమత పెరుగన్నం అంటే పానం ఇస్తది. పెద్దమ్మ ఉంటే పెట్టదు, గందుకే ఇప్పుడొచ్చిన."

దీపాలు పెట్టాక పెరుగు, ఉప్పు బయటికి ఇవ్వకూడదని నాకూ తెలుసు, మా అమ్మ కూడా ఇవ్వదు. పైగా ఆ గురిగి. కానీ నాలుగేళ్ల పిల్ల పేరు చెప్పాక మనసొప్పలేదు. ఒక స్టీలు డబ్బాలో రెండు చెంచాలు వేసి ఇచ్చాను. మూడేళ్లలో ఆ గురిగి మూత తీయడం అదే మొదటిసారి. పిడుగేమీ పడలేదు. బహుశా అందుకే రెండోసారి తీయడానికి భయం వేయలేదు.

రెండోసారికి కారణం దేవిశ్రీ. మా టీమ్‌లో నా పక్క సీటు.

"లోపలికి ఒకటి వేసుకుంటున్నావు కదా, పైకి కూడా ఒకటి పెట్టు. క్యాప్సూల్ విప్పి, ఆ పొడి పెరుగులో, శనగపిండిలో కలిపి మొహానికి రాయి. మా హాస్టల్‌లో అందరం అదే చేశాం. ప్యాకెట్ పెరుగు పనికిరాదు, ఇంట్లో తోడేసింది అయితేనే పట్టుకుంటుంది" అంది.

నా షిఫ్ట్ మధ్యాహ్నం మొదలవుతుంది. పొద్దున అత్తయ్య మిరపకాయలు ఎండబెట్టడానికి మిద్దె మీదికి వెళ్లగానే గురిగి మూత తీసి, ఒక చెంచా పెరుగు కప్పులో వేసుకుని, క్యాప్సూల్ విప్పి పసుపుపచ్చటి పొడి కలిపేదాన్ని. పిండి గట్టిపడితే అదే చెంచా మళ్లీ గురిగిలో ముంచేదాన్ని. ఒకసారి పొడి కాస్త గురిగిలోనే రాలింది. ఏమవుతుందిలే అని కలిపేశాను. వారానికి మూడు రోజులు, ఏప్రిల్ అంతా, మే మొదట్లోనూ అదే వరస. మొహం కొంచెం నెమ్మదించినట్టే అనిపించింది కూడా.

ఏప్రిల్ నెలాఖరుకి టవరు పని అయిపోయి, భూలక్ష్మి షెడ్డు ఖాళీ చేసి జీడిమెట్ల వెళ్లిపోయింది.

మే మూడోవారం. ఎండ నిప్పులు చెరుగుతోంది. అలాంటి ఎండలో పాలు నాలుగు గంటల్లో గడ్డకట్టాలి. ఆ రోజు మధ్యాహ్నం అత్తయ్య గురిగి మూత తీసి చాలాసేపు అలాగే నిలబడింది.

"ఏమైందండీ?"

"పాలు పాల లెక్కనే ఉన్నయి."

దగ్గరికి వెళ్లి చూశాను. కొన్ని రోజులుగా పెరుగు జారుగా, తీగ సాగుతూ ఉంటోందని నాకూ తెలుసు. ఆ రోజు అదీ లేదు. తెల్లగా, పల్చగా, కదిలిస్తే కదులుతున్నాయి. నేను ప్యాకెట్ పెరుగు మాట ఎత్తింది అప్పుడే. ఆమె ఆ చూపు చూసి, "వేరే తోడు నా గురిగిల పడది" అంది.

అడుగున మిగిలిన పాత పెరుగు గీకి మళ్లీ పాలు తోడేసింది. పేరుకోలేదు. గురిగికి కంబళి చుట్టింది. బియ్యం డ్రమ్ములో పెట్టి చూసింది. మిద్దె మీద ఎండలో పెట్టి, నీడ కదిలినప్పుడల్లా జరుపుతూ పక్కనే కూర్చుంది. రోజూ పాలు కాచేది, రోజూ చూసేది, రోజూ పారబోసేది. పారబోసే ముందు ఒక చెంచా తీసి రేపటికని దాచేది. ఆమె అన్నం తినడం తగ్గించేసింది. పాలు పేరుకోకపోతే ఇల్లంతా ఇలా నిశ్శబ్దమైపోతుందని నేనెన్నడూ అనుకోలేదు. మామయ్య టీవీ పెట్టడం మానేశారు. ఆకాష్ ఆఫీసు నుంచి వచ్చి వంటింటి వైపు చూడకుండా గదిలోకి పోయేవాడు.

ఆ ఆదివారం మామూలుగానే నన్ను పీట మీద కూర్చోబెట్టుకుని నూనె గిన్నె తీసింది. నా మాడు మీదికి వంగింది. ఊపిరి పీల్చింది. మళ్లీ పీల్చింది. నా చెవి వెనక, మెడ మీద, కుక్కపిల్ల తల్లిని వెతుక్కున్నట్టు వెతికింది. ఆమె ఊపిరి వేడి నా మెడకి తగులుతుంటే నేను కదలకుండా కూర్చున్నాను.

"నీ దగ్గర ఏం వస్తలేదు" అంది.

"ఏం రావట్లేదండి?"

"ఏమీ వస్తలేదు. ఖాళీ కుండ లెక్క ఉన్నవ్."

నా తల మీద నుంచి చేతులు తీసేసింది. నూనె రాయలేదు. గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నన్ను బిడ్డా అని పిలవలేదు. కోపం కాదు. కోపమైతే నేను భరించేదాన్ని. బస్సులో పక్క సీటులో కూర్చున్న మనిషిని చూసినట్టు చూసేది. నాకు ఏడుపొచ్చేది. మూడేళ్లు ముద్దలు కలిపి పెట్టిన మనిషికి ఒక్క ఆదివారంలో నేను ఎవరో అయిపోయాను.

తర్వాతి బుధవారం ఆఫీసులో కాల్ మధ్య కిటికీ దగ్గరికి వెళ్లాను. పదకొండో అంతస్తు నుంచి మా మిద్దె అరచెయ్యంత కనపడుతుంది. దండెం మీద నా బట్టలు. అత్తయ్య ఒక్కొక్క కుర్తా తీసి మొహానికి అద్దుకుని, వాసన చూసి, వదిలేసి, ఇంకోటి తీస్తోంది. చివరిదాకా అన్నీ చూసింది. ఆ తర్వాత ఎండలో అలాగే నిలబడి, తలెత్తి సరిగ్గా నేనున్న కిటికీ వైపే చూసింది. బయటి నుంచి ఆ అద్దంలో ఆకాశం తప్ప ఏమీ కనపడదని నాకు తెలుసు. అయినా వెనక్కి జరిగిపోయాను.

మర్నాడు పొద్దున అత్తయ్య స్నానానికి వెళ్లినప్పుడు మామయ్యని అడిగాను. ఆయన అరుగు మీద పేపరు పట్టుకుని ఉన్నారు, చదవడం లేదు.

"అత్తయ్యకి ఏమైందండీ? ఆ గురిగిలో ఏముంది?"

ఆయన పేపరు మడతపెట్టారు.

"ఆకాష్‌కు ఒక అక్క ఉండె. రేఖ. ఫోటో చూసినవ్ గద."

చూశాను. హాల్లో దండ వేసిన ఫోటో. రోడ్డు ప్రమాదంలో పోయిందని ఆకాష్ ఒక్కసారి చెప్పాడు. ఇంకేమీ చెప్పలేదు.

"పన్నెండేండ్లాయె. మీ అత్తకు ఆ దినం జరం. పొద్దుగాల పిల్లనే పాలు తోడేసి కాలేజికి పోయింది. గచ్చిబౌలి రోడ్డు మీద టిప్పర్ కొట్టింది. పగటీలికి ఇంటికి తెచ్చినం. సావైన ఇంట్ల వండినయి ఉంచరు గద. మా అక్క అన్నీ పారబోసుకుంట వచ్చి గురిగి ముట్టింది. మూత తీస్తే పెరుగు గట్టిగ పేరుకోని ఉన్నది. పిల్ల పోయినంక పేరుకున్నది. మీ అత్త గురిగి గుంజుకొని కడుపుల పెట్టుకున్నది. ఎవ్వలకియ్యలే. గా పెరుగే ఇది. అండ్లకెల్లి ఇండ్లకు, ఇండ్లకెల్లి అండ్లకు, ఒక్క దినం తప్పలే. తీర్థం పోయినా చిన్న డబ్బల తీస్కపోతది."

"ఆకాష్ పెరుగు..."

"గా దినంకెల్లే ముట్టడు."

ఆయన లేచి లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చారు. మూతి బిగించి కట్టి ఉంది. లోపల ఆకుపచ్చ చుడీదారు.

"పిల్ల అంతకుముందు దినం ఇడిసిన బట్టలు. ఉతకనియ్యలే. సాలుకొక్కసారి మూతి ఇప్పుతది, వాసన చూస్తది, కట్టేస్తది. నువ్వొచ్చినంక, రెండేండ్ల సంది ఇప్పుతలేదు. ఎందుకో నాకు తెల్వక అడిగిన. 'ఇగ అవసరం లేదు, భాను దగ్గర వస్తున్నది' అన్నది."

ముడి విప్పి సంచి నా చేతికిచ్చారు. ఎందుకు తీసుకున్నానో తెలియదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఎవరి వాసన వాళ్లకి తెలియదంటారు. నాకు తెలుసు. నెల రోజులు మా ఊరు వెళ్లి వచ్చి పడుకుంటే నా దిండు నుంచి వచ్చే వాసన. ఉతకని నా చున్నీ వాసన. కాస్త పుల్లగా, కాస్త పాలలా, ఎండ తగిలిన తల వాసన. నేను ఎన్నడూ చూడని, నేను ఈ ఊరు రాకముందే పోయిన పిల్ల బట్టల్లో నా వాసన ఉంది. సంచి చేతిలోంచి జారిపోయింది. మామయ్యే వంగి తీసి, మళ్లీ ముడి వేశారు.

ఆ మధ్యాహ్నం ఆఫీసుకి సెలవు పెట్టి నిజాంపేటలో భ్రమరాంబగారి దగ్గరికి వెళ్లాను. మా ఊరి వైపు ఆవిడ, పెద్ద డాక్టరు. కడుపు సంగతీ మొహం సంగతీ రెండూ చెప్పి, స్ట్రిప్ బల్ల మీద పెట్టాను. ఆవిడ కళ్లజోడు పైకి తోసి చూశారు.

"ఎన్నాళ్లు వాడావమ్మా?"

"ఏడు నెలలండి."

"ఎవరు చెప్పారు?"

మొదటి ఆరు వారాలే క్లినిక్‌లో రాశారని చెప్పాను.

"కడుపులో కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. తిన్నది అరిగించేవి, కాపలా కాసేవి. చర్మం మీదా ఉంటాయి. అక్కడ తేడా వస్తే కొందరికి ఇక్కడ తెలుస్తుంది. ఈ యాంటీబయాటిక్ మందుకి మంచిదీ చెడ్డదీ తెలియదు. అన్నిటినీ ఊడ్చేస్తుంది. మొటిమల్ని చంపుతున్నానని నువ్వు లోపలి ఊరంతా ఖాళీ చేసుకున్నావు. ఆపెయ్యి. కుదురుగా వేళకి తిను. మజ్జిగ, పెరుగు తిను. నెలా రెండు నెలలకి చూద్దాం."

"దీనివల్ల ఒంటి వాసన మారుతుందాండీ?"

ఆవిడ వింతగా చూశారు. "మారొచ్చు. చెమటకి వాసన ఉండదు. దాని మీద బతికేవాటిది ఆ వాసన."

"ఒకే పెరుగు ఏళ్ల తరబడి తిన్న ఇద్దరికి ఒకే వాసన వస్తుందా?"

"అంత దూరం నాకు తెలియదమ్మా. ఎవరూ రాసినట్టు నేను చదవలేదు" అని నవ్వారు. లేస్తూ, మాట వరసకి అన్నారు. "పాలల్లో ఈ మందు నలుసంత పడినా చాలు, పెరుగు తోడుకోదు తెలుసా? అంత గట్టిది."

చెంచా గుర్తొచ్చింది. గురిగిలో రాలిన పసుపు పొడి గుర్తొచ్చింది. పన్నెండేళ్లు ఒక తల్లి ఒక్క రోజు తప్పకుండా బతికించుకున్నదాన్ని, నా బుగ్గ మీద మచ్చ కోసం నేను చంపేశాను.

ఇంటికి వెళ్లి చెప్పేయాలనుకున్నాను. ఆటోలో కూర్చున్నాక, దీపాలు పెట్టే వేళ గుమ్మంలో నిలబడ్డ భూలక్ష్మి గుర్తొచ్చింది. అది ఉగాది. చెంచా ముంచడం ఆ తర్వాత. ఆమె నంబరుకి ఫోన్ చేస్తే వాళ్ల మేస్త్రీ ఎత్తి, భూలక్ష్మి జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీల వెనక గదిలో ఉంటోందని చెప్పాడు. ఆటో అటు తిప్పించాను.

జీడిమెట్ల గాలి మాత్ర నాలుక మీద కరిగినట్టు చేదుగా ఉంది. ఆ క్యాప్సూళ్లలాంటివి అక్కడే ఎక్కడో తయారవుతాయి. ఆ గాలిలో ఏదీ బతికి ఉంటుందన్న ఆశ నాకు లేదు. రేకుల గదుల వరసలో ఏడోది భూలక్ష్మిది. నన్ను చూసి కంగారుపడి చేతులు తుడుచుకుంది.

"ఏందక్కా, గింత ఎండల?"

"నేనిచ్చిన పెరుగు... ఉందా?"

"ఉన్నది. రోజు తోడేస్త. మమతకు అది లేంది ముద్ద దిగది. ఏమైందక్కా, పెద్దమ్మకు తెలిసిందా?"

అటక మీది నుంచి అదే స్టీలు డబ్బా దించింది. మూత తీసింది. తెల్లగా, గట్టిగా, పైన మీగడతో. పక్కకి వంచినా కదల్లేదు. నేను అక్కడే గచ్చు మీద కూర్చుని ఏడ్చాను. భూలక్ష్మికి ఏం అర్థం కాలేదు, మంచినీళ్ల కోసం లేచింది. మూలన నిద్రపోతున్న మమత నా ఏడుపుకి లేచి, కళ్లు నులుముకుంటూ వచ్చి, ఎవరో తెలిసినదాన్ని చూసినట్టు నా ఒళ్లో తల పెట్టింది. నిమురుదామని వంగాను.

ఆ పిల్ల మాడు నుంచి ఆకుపచ్చ చుడీదారు వాసన వచ్చింది.

నాలుగేళ్ల పిల్ల. రెండు నెలల పెరుగన్నం. పిల్లని మెల్లగా పక్కకి జరిపి, డబ్బాలో సగం పెరుగు అడిగి తీసుకుని, ఎండ ఉండగానే బయటపడ్డాను.

అత్తయ్య వంటింట్లో గచ్చు మీద కూర్చుని ఉంది. ముందర ఖాళీ గురిగి, కడిగి బోర్లించింది. ఆ రోజు పాలు కాచలేదు. పంతొమ్మిది రోజుల్లో కాచని రోజు అదొక్కటే. డబ్బా ఆమె ముందు పెట్టి, నిలబడే అన్నీ చెప్పాను. క్యాప్సూల్ సంగతి, చెంచా సంగతి, గురిగిలో రాలిన పొడి సంగతి. ఏదీ తగ్గించి చెప్పలేదు. చివరికి భూలక్ష్మి సంగతి చెప్పాను. మమత సంగతి మాత్రం నా నోట రాలేదు.

ఆమె డబ్బా వైపే చూస్తోంది.

"పొద్దుగూకినంక ఇచ్చినవా?"

"అవునండి. దీపం పెట్టాక."

తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండును అనుకున్నాను.

"మంచిగైంది" అంది.

మూత తీసి చిటికెన వేలితో కాస్త తీసి నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచాక లేచి, పాలు పొయ్యి మీద పెట్టింది. చల్లారబెట్టింది. వేలు పెట్టి చూసింది. గురిగి తుడిచి, పాలు పోసి, ఒక చెంచా వేసి కలిపింది. అంచు తడిమింది. డబ్బాలో మిగిలినది అన్నంలో కలిపి, ముద్ద చేసి నా నోటి దగ్గర పెట్టింది.

"తిను. తింటనే ఉండు. నెల దినాలల్ల వస్తది."

ఏం వస్తుందని నేను అడగలేదు. తిన్నాను.

మర్నాడు పొద్దున గురిగిలో పెరుగు కత్తితో కోసేలా పేరుకుంది. మామయ్య టీవీ పెట్టారు. మృగశిరకి మొదటి వాన పడింది. కడుపు బిగదీయడం తగ్గింది, బుగ్గలు నెమ్మదిగా చల్లబడ్డాయి. మచ్చలు ఇంకా ఉన్నాయి. వీడియో కాల్‌లో ఎవరూ నా మొహం గురించి అడగలేదు. అంతకుముందు కూడా ఎవరూ అడగలేదు. పదిహేను రోజులకోసారి పాలప్యాకెట్లు, బిస్కెట్లు పట్టుకుని అత్తయ్య ఒక్కతే బస్సెక్కి జీడిమెట్ల వెళ్లడం మొదలుపెట్టింది. ఎందుకని ఎవరం అడగలేదు. మమత గురించి ఆమెకి ఎవరు చెప్పారో నాకు తెలియదు.

నెల తిరిగాక వచ్చిన ఆదివారం. బయట సన్నగా వాన. అత్తయ్య పీట వేసి నూనె గిన్నె తెచ్చింది. నేను కూర్చున్నాను. రాకపోతే ఎలా అని భయం. వస్తే ఎలా అని అంతకంటే భయం. నాకు కావలసింది ఆమె చేతులు నా తల మీద ఉండటం. ఆ చేతులు వెతికేది నన్ను కాదని తెలిసి కూడా.

ఆమె వంగింది. ఊపిరి పీల్చింది. ఆగిపోయింది. ఒక వేడి చుక్క నా పాపిట్లో పడి మెల్లగా జారింది, నూనె కాదు.

"వచ్చినవా బిడ్డా?" అంది, నా మాడు మీద మొహం పెట్టి. కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచే పిల్లని అడిగినట్టు.

వెనక ఆకాష్ గది తలుపు సగం తెరుచుకుని ఆగిపోయింది. ఆమె మళ్లీ అడగలేదు, కదలనూ లేదు.

"వచ్చినమ్మా" అన్నాను.

ఆమె ఊపిరి వదిలింది. నూనె పట్టించి, జడ అల్లి, కొసకి ముడి వేసింది. చేతులు కడుక్కుని, పాలు కాచడానికి వంటింట్లోకి వెళ్లింది.